తలుపు వెనకాల గొడుగు

వీధిలో అందరూ ఆయన్ని స్పీడు అనేవాళ్ళు. మనిషిని చూస్తే ఆ పేరు పెట్టినవాడికి కళ్ళు లేవేమో అనిపిస్తుంది. నడకలో ఆయనకంటే నత్త నయం. టీ గ్లాసు చేతికిస్తే అది చల్లారి మీగడ కట్టేదాకా తాగడు. ఆ పేరు నడకను బట్టి కాదు, చేసే పనిని బట్టి వచ్చింది. ఆయనకి కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. మూలపడ్డ కంప్యూటర్‌నైనా కాస్త పరుగు పెట్టించగలడని అందరూ అనుకునేవాళ్ళు.

కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసేది ప్రాసెసర్ అనే చిప్పు. తయారుచేసినవాళ్ళు దానికొక వేగం కట్టి పంపుతారు. చాలా చిప్పులకి అంతకంటే కాస్త ఎక్కువ పరిగెత్తే సత్తా ఉంటుంది. కానీ వేగం పెంచితే కరెంటు ఎక్కువ ఇవ్వాలి, కరెంటు ఎక్కువిస్తే వేడెక్కుతుంది, వేడెక్కితే తడబడుతుంది. ఆటల పిచ్చి ఉన్న కుర్రాళ్ళు వచ్చి "అంకుల్, ఫుల్ స్పీడు పెట్టేయండి" అనేవాళ్ళు. "పరుగు ఎవడైనా పెట్టిస్తాడు నాయనా, పడిపోకుండా చూడటమే అసలు పని" అని ఆయన అదే నింపాదితో చెప్పేవాడు. ఒక మెట్టు ఎక్కించి, గంటల తరబడి కఠినమైన లెక్కలు ఇచ్చి, వేడి చూసి, ఒక్క తప్పు కూడా రాలేదని తేలాకే రెండో మెట్టు ఎక్కించేవాడు.

ఇంకో నియమం కూడా ఉండేది ఆయనకి. పెంచిన వేగం మీద కంప్యూటర్ ఎప్పుడైనా ఉన్నట్టుండి ఆగిపోతే, ముందు దాన్ని పాత వేగానికి దింపాలి. ఆ తర్వాతే, దాచినవన్నీ ఉండే డిస్కు జోలికి వెళ్ళాలి. ఈ సంగతి వచ్చినవాడికీ పోయినవాడికీ చెవినిల్లు కట్టుకుని చెప్పేవాడు. తడబడే చిప్పు చేత డిస్కు బాగుచేయించడమంటే, చేతులు వణికేవాడికి సూదిచ్చి పట్టుబట్ట మీద కుట్టు వేయమనడమే అనేవాడు.

ఆ సూదీ ఆ పట్టుబట్టా ఆయన సొంతం కాదు, భార్య దగ్గర అరువు తెచ్చుకున్నవి. ఆవిడ దర్జీ. ఇంటి ముందుగదిలోనే మిషను. గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని కూడా మాట ఆపేది కాదు. పెళ్ళైన కొత్తలో, ఎక్కడ మింగేస్తుందోనని ఆయన నోరు తెరుచుకుని చూసేవాడు. "మీరు నోరు మూసుకోండి, ముందు మీ నోట్లో ఈగ దూరుతుంది" అనేది ఆవిడ, సూదులు కదలకుండానే. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ లోటు ఇంట్లో వినపడకుండా ఆవిడే నలుగురి మాటలు మాట్లాడేది. ప్రతి మాటా "ఏమండీ"తోనే మొదలయ్యేది. ఏమండీ, ఆ కత్తెర ఇటివ్వండి. ఏమండీ, ఈ జాకెట్టు చేతులు ఒకటి పొట్టి ఒకటి పొడుగు అయ్యాయా, లేక కుట్టించుకునేవాళ్ళ చేతులే అంతా. ఆయన "ఊ" కొట్టేవాడు. ఇద్దరికీ కలిపి ఆ మాత్రం సరిపోయేది.

ఆవిడ గొంతు బొంగురుపోయినప్పుడు జలుబనుకున్నారు. జలుబు పోయింది, బొంగురు పోలేదు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. గొంతులో ఉన్న గడ్డతో పాటు స్వరపేటిక కూడా తీసేయాలి. ప్రాణానికి ఫర్వాలేదు, మాట మాత్రం ఉండదు. బయటికొచ్చి మెట్లు దిగుతూ ఆవిడ, "పోనీలెండి, ఇన్నాళ్ళకి మీ చెవులకి విశ్రాంతి" అంది. ఆయనకి నవ్వు రాలేదు. మెట్ల పక్కనున్న కమ్మీ పట్టుకున్నాడు.

ఆ ఆసుపత్రిలోనే ఒక నర్సు దారి చూపించింది. ఆపరేషన్‌కి ముందే ఆవిడ చేత కొన్ని వందల వాక్యాలు చదివించి రికార్డు చేస్తే, కంప్యూటర్ ఆ గొంతు నేర్చుకుంటుందట. తర్వాత ఏ మాట టైపు చేసినా ఆ గొంతుతోనే పలుకుతుందట. స్పీడు ఆ మాట విన్న క్షణం నుంచి వేరే మనిషయ్యాడు.

ఇంట్లో అన్నిటికంటే నిశ్శబ్దంగా ఉండే చోటు ఆవిడ బట్టల బీరువా అని తేల్చాడు. కుట్టాల్సిన గుడ్డలు నిండా వేలాడుతుంటే బయటి చప్పుడు లోపలికి రాదు. నిజంగా రాదో లేదో చూద్దామని మొదటి రోజు దుకాణంలో పడున్న ఒక పాత ఫోనులో ఒక వాక్యం చదివించి చూశాడు, బాగానే ఉందన్నాడు, ఫోను మళ్ళీ దుకాణం సొరుగులో పడేశాడు. మర్నాటి నుంచి మంచి మైకు పెట్టి నేరుగా ఇంట్లోని కంప్యూటర్‌లోకే ఎక్కించాడు. ఆవిడ బీరువాలో ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, ప్రోగ్రాం ఇచ్చిన వాక్యాలు ఒకటొకటే చదివేది. రేపు వాన పడవచ్చు. పిల్లి గోడ దూకింది. మా చెల్లెలి కొడుకు పొడుగ్గా ఉంటాడు.

"నాకు చెల్లెలే లేదు, ఇంక దానికి కొడుకేంటి? ఎవరు రాశారండీ ఇవన్నీ?"

"అర్థం కోసం కాదు, అక్షరాల కోసం. అన్ని రకాల పలుకులూ రావాలి కదా. నువ్వు చదువు."

"మరి నా తిట్లు నేర్చుకోదా ఇది?"

"అవన్నీ కత్తిరించేస్తాను."

"కత్తిరించాక నాలో ఏం మిగులుతుంది" అంటూ గొంతు సవరించుకుని తర్వాతి వాక్యం అందుకుంది. ఆయన నిజంగానే కత్తిరించాడు. సాయంత్రాలు కూర్చుని ఆవిడ దగ్గులూ, నవ్వులూ, ఎత్తిపొడుపులూ తీసేసి, శుభ్రమైన వాక్యాలే దాచాడు. అదే కంప్యూటర్‌లో రెండో డిస్కు మీద కాపీ కూడా పెట్టాడు. కాపీ ఎప్పుడూ వేరే చోట ఉండాలని దుకాణంలో గోడకి కాగితం అతికించిన మనిషి, ఇంట్లో మాత్రం ఒకే పెట్టెలో రెండూ పెట్టాడు. దీపం కిందే చీకటి అంటారు.

ఆవిడ్ని ఆసుపత్రిలో చేర్చిన రోజే కంప్యూటర్‌కి ఆ గొంతు నేర్పడం మొదలుపెట్టాడు. పాత కంప్యూటర్, పెద్ద పని. ఆవిడ ఇంటికొచ్చే నాటికి అది సగం దారిలో కూడా ఉండదని లెక్క తేలింది. వేగం పెంచుతానని ఆపరేషన్ ముందురోజు ఆవిడతో చెప్పాడు.

"తొందరేముంది? పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు" అంది ఆవిడ. అప్పటికే ఆ గొంతు చిరిగిన గుడ్డలా ఉంది. "నేనేమైనా వచ్చీ రాగానే ఉపన్యాసం ఇవ్వాలా? నెమ్మదిగా రానివ్వండి. నేనెక్కడికి పోతాను?"

ఆయన "ఊ" అన్నాడు. కానీ నిజం ఏమిటంటే తొందర ఆవిడకి కాదు, ఆయనకి. ఆవిడ తిరిగొచ్చిన ఇంట్లో, ఆవిడ ఉండి కూడా మాట వినపడకపోవడం ఆయన ఊహించుకోలేకపోయాడు. గుమ్మంలో అడుగుపెట్టగానే "ఏమండీ" అని వినపడాలి. దాని కోసం చిప్పుని ఉరికించాడు.

మొదట్లో అంతా పద్ధతి ప్రకారమే చేశాడు. పెట్టె పక్క మూత తీసేసి, కిటికీ బార్లా తెరిచి, టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టాడు. ఒక మెట్టు, పరీక్ష. ఇంకో మెట్టు, పరీక్ష. అక్కడ ఆగి ఉంటే బాగుండేది. అది నిలకడగా ఉంది కూడా. కానీ ఆపరేషన్ బాగా జరిగింది, అనుకున్నదానికంటే ముందే పంపించేస్తామని డాక్టరు చెప్పేసరికి, ఇంకొక్క మెట్టు ఎక్కించాడు. దానికి సరిగ్గా పరీక్ష పెట్టకుండానే పనిలోకి దింపాడు.

సాయానికి ఆవిడ అక్క వచ్చి ఇంట్లో ఉంది. వదిన శుభ్రం మనిషి. దుమ్ము కనపడితే ఆవిడకి అన్నం సయించదు. ఆయన ఆసుపత్రికి వెళ్ళినప్పుడు చూసింది, పెట్టె నోరు తెరుచుకుని ఉంది, కిటికీలోంచి వీధి దుమ్మంతా దాంట్లో పడుతోంది. పాపం అనుకుని మూత బిగించి, కిటికీ మూసి, ఫ్యాను ఆపి వంటింట్లోకి వెళ్ళింది. ఆయన మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి కంప్యూటర్ చచ్చి కూర్చుంది.

పెట్టె మీద చెయ్యి పెడితే కాలింది. ఆయన మూత తీసి, చల్లారబెట్టి, మళ్ళీ ఆన్ చేశాడు. డిస్కులో తేడాలున్నాయి, సరిచేయమంటారా అని తెర మీద ప్రశ్న వచ్చింది.

ముందు పాత వేగానికి దింపాలి. ఊరందరికీ చెప్పిన మాట. ఆయనకి గుర్తు లేక కాదు. తప్పు మూతది, వేడిది, నా వేగానిది కాదు అనుకున్నాడు. దింపితే మళ్ళీ మొదటి మెట్టు నుంచి రావాలి, ఆవిడేమో వచ్చేస్తోంది. తను ఎక్కించిన మెట్టు పొరపాటని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. సరిచేయమని నొక్కాడు. రెండు డిస్కులనీ వరసగా సరిచేస్తున్నానని అది చెబుతుంటే, పక్కనే కుర్చీలో కూర్చుని చూశాడు.

తడబడే చిప్పు తన లెక్కే సరైనదని నమ్మి, ఉన్నవాటిని చెరిపి, లేనివాటిని రాసింది. అయిపోయాక తెరిస్తే ఆవిడ వాక్యాలు ఒక్కటీ లేవు. పేరూ ఊరూ లేని ముక్కలు మిగిలాయి. వాటిని వినిపిస్తే నూనెలో నీళ్ళు పడ్డట్టు చిటపటలు. రెండో డిస్కులోనూ అంతే. అప్పుడు దింపాడు పాత వేగానికి. తనకి తెలిసిన విద్యలన్నీ వాడి ఆ ముక్కల్ని గాలించాడు. ఒక చోట ఆవిడ గొంతులో సగం మాటలాంటిది వినిపించి ఆగిపోయింది, ఏ మాటో తెలియలేదు. అదే పదే పదే విని, ఇంక విని లాభం లేదని హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టాడు. ఆవిడ గొంతు ఆవిడ దగ్గరా లేదు, తన దగ్గరా లేదు. ఆ సంగతి లోపలికి దిగాక టేబుల్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

ఆసుపత్రికి ఆవిడ తన సరంజామా తనే సర్దుకుని వెళ్ళింది. నల్ల అస్తరుగుడ్డ ముక్క, గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క. పలకా బలపం పట్టుకోవడానికి నేనేమైనా ఒకటో తరగతా అని, గొంతు ఉన్న చివరి రోజుల్లో అన్న మాట. రికార్డులు పోయిన మర్నాడు ఆయన వెళ్ళగానే మెడ చుట్టూ కట్టుతో లేచి కూర్చుని ఆ గుడ్డ మీద రాసి చూపించింది.

"నా గొంతు ఎంతవరకు వచ్చింది?"

ఆయన సగం అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆవిడ అరచేత్తో గుడ్డ తుడిచి, "తొందరపడకండి" అని రాసింది. ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా ముప్పావు వంతు అనీ, దాదాపు అయిపోయిందనీ చెబుతూ పోయాడు. ఆవిడ ముఖంలో ఆశ పెరగడం చూసి, తన నాలుక మీద తనకే అసహ్యం వేసేది. అయినా ఆపలేకపోయాడు.

ఇంటికొచ్చిన రోజు ఆవిడ చెప్పులు విప్పి నేరుగా కంప్యూటర్ దగ్గరికే నడిచింది. పెట్టె మీద చెయ్యి వేసి, బిడ్డ జ్వరం చూసినట్టు చూసింది. గుడ్డ తీసి రాసింది.

"మాట్లాడించండి."

"లేదు" అన్నాడాయన. "పోయింది. మొత్తం పోయింది."

వదిన చేతిలోని సంచీ కింద పెట్టేసింది. "నేనే మూత పెట్టాను మరిదిగారూ. దుమ్ము పడుతోందని పెట్టాను. ఆ రోజే అది ఆగిపోయిందన్నారు. నావల్లేనా?"

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పకపోతే ఆ తప్పు వదిన మీద ఉండిపోతుంది, తను బయటపడతాడు. ఆ ఒక్క క్షణం ఆయనకి హాయిగా అనిపించింది. ఆ హాయి తర్వాత చాలాకాలం ఆయన్ని నిద్రపోనివ్వలేదు.

"మీవల్ల కాదు వదినా" అన్నాడు చివరికి. "మూత పెడితే ఆగింది, అంతే. ఆగినదాన్ని తిరిగి లేపొచ్చు. పాత వేగానికి దింపకుండా డిస్కు బాగుచేయించాను. అందరికీ చెబుతూ నేనే ఆ పని చేశాను." భార్య వైపు తిరిగాడు. "ఆసుపత్రిలో నీకు చెప్పినవన్నీ అబద్ధాలు."

భార్య ఆయన్ని చాలాసేపు చూసింది. ఏదైనా రాస్తుందని ఆయన గుడ్డ వైపు చూస్తూ నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది. ఆవిడ గుడ్డని నాలుగు మడతలు పెట్టి, సుద్దముక్కని డబ్బాలో వేసి మూత పెట్టింది. లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

మాట పోయిన మనిషి ఆయనతో మాట్లాడటం మానేసింది. వదినతో గుడ్డ మీద రాసేది, కుట్టు కోసం వచ్చినవాళ్ళకి రాసేది. ఆయన గదిలోకి వస్తే సుద్దముక్క కింద పెట్టేసేది. మిషను చప్పుడొక్కటే ఇంట్లో ఉండేది. వదిన వెళ్ళిపోయాక అదీ తగ్గింది. కంచం ముందు పెట్టేది, తిన్నాక తీసేది. కోపం ఉన్నప్పుడు ఆవిడ అరిచి ఇల్లు పీకి పందిరేసే రోజులు ఆయనకి గుర్తొచ్చేవి. ఆ అరుపులకి విసుక్కున్నందుకు తన చెంప తనే పగలగొట్టుకోవాలనిపించేది.

కొన్నాళ్ళకి దుకాణంలో ఎవరో పాత చార్జరు కావాలని అడిగితే సొరుగు వెతికాడు. అడుగున ఆ పాత ఫోను దొరికింది. బీరువాలో చప్పుడు వస్తుందో లేదో చూడటానికి మొదటి రోజు వాడింది. వెంటనే చార్జింగు పెట్టాడు. దుకాణం తలుపు దగ్గరగా వేసి వినిపించాడు.

"గొడుగు తలుపు వెనకాల ఉంది" అంది ఆవిడ, పాఠం అప్పజెప్పినట్టు. కాసేపాగి, మామూలు గొంతుతో, "ఏమండీ, మనింట్లో గొడుగెక్కడుందండీ? మొన్న బస్సులో వదిలేసి వచ్చారుగా. నా చేత అబద్ధాలు చెప్పిస్తున్నారు" అని నవ్వి దగ్గింది. అక్కడితో అయిపోయింది.

అది పరీక్ష కోసం చేసింది కాబట్టి ఆయన దాన్ని కత్తిరించలేదు. పనికొస్తాయని కత్తిరించి దాచినవన్నీ పోయాయి, పనికిరాదని సొరుగులో పడేసింది మిగిలింది. ఒక్క వాక్యంతో ఏ కంప్యూటరూ గొంతు నేర్చుకోదని ఆయనకి తెలుసు. లోకంలో ఆవిడ గొంతు ఇక ఇంతే. ఆయన దానికి వేరు వేరు చోట్ల కాపీలు పెట్టాడు, దుకాణంలో ఒకటి, వదిన దగ్గర ఒకటి. ఇంట్లో కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు, చిప్పు ఫ్యాక్టరీ వేగం మీదే ఉందని పదిసార్లు చూసుకున్నాడు.

సాయంత్రం ఆవిడ మిషను మీద ఉండగా అది వినిపించాడు. ఆవిడ కాలు మిషను పెడల్ మీద ఆగిపోయింది. మాట పూర్తయ్యేదాకా కదల్లేదు. పూర్తయ్యాక ఆయన వైపు తిరగలేదు, గుడ్డ తీయలేదు. చేతిలో ఉన్న అంచు సరిచేసుకుని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. భుజాలు మాత్రం కుట్టు చప్పుడుతో కలవకుండా వేరుగా అదురుతున్నాయి. దగ్గరికి వెళ్ళడానికి ఆయనకి ధైర్యం చాల్లేదు.

మర్నాడు దుకాణం మధ్యలోనే కట్టేసి బజారుకి వెళ్ళాడు. ఆయన కొన్న వస్తువు చూసి పక్క కొట్టువాడు, "చినుకు జాడే లేదు, గొడుగేంటి స్పీడూ" అన్నాడు. ఆయన గొడుగు చంకన పెట్టుకుని నడిచాడు. ఇంటికొచ్చి, ఆవిడ వంటింట్లో ఉన్నప్పుడు వీధి తలుపు వెనకాల మేకు కొట్టి గొడుగు తగిలించాడు. ఈ ఒక్క మాటైనా ఆవిడ చేత అబద్ధం చెప్పించకూడదనుకున్నాడు. ఇంకేం చేయాలో తెలియక కంప్యూటర్ గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు.

మేకు కొట్టిన చప్పుడుకి ఆవిడ బయటికొచ్చింది. తలుపు కిర్రుమనడం ఆయనకి లోపలికి వినిపించింది. చాలాసేపటి తర్వాత ఆవిడ గదిలోకి వచ్చి, ఆయన భుజం మీదుగా చెయ్యి చాపి తనే నొక్కింది.

గొడుగు తలుపు వెనకాల ఉందని ఆ గొంతు చెప్పింది. ఏమండీ అంది. బస్సు సంగతి చెప్పింది, అబద్ధాల సంగతి చెప్పింది, నవ్వింది, దగ్గింది. ఆ దగ్గు దగ్గర ఆయన కళ్ళు మూసుకున్నాడు. అప్పటికే గొంతులో గడ్డ ఉన్న దగ్గు అది.

కళ్ళు తెరిచేసరికి ఆవిడ నాలుగు మడతల గుడ్డ విప్పుతోంది. కంప్యూటర్ పెట్టె మీద పరిచి, సుద్దముక్కతో నింపాదిగా రాసి, ఆయన వైపు తిప్పింది.

"దీన్ని బస్సులో వదిలేసి రాకండి."